ఐరన్-57 ఫార్వర్డ్ స్కాటరింగ్: 141 నానోసెకన్లు రావలసిన చోట 9 ఎందుకు వస్తోంది?

సిరి_ఓరుగల్లు | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒకే డేటా ముందు కూర్చున్నాను. మా గైడ్‌కి చూపించే ముందు ఇక్కడ అడగాలనిపించింది.

ఐరన్-57 ఫాయిల్ మీద న్యూక్లియర్ ఫార్వర్డ్ స్కాటరింగ్ చేశాం, అంటే ఎక్స్-రే పల్స్‌తో కేంద్రకాలను ఉత్తేజితం చేసి, అవి ముందు దిశలో ఆలస్యంగా వదిలే కాంతిని కాలంతో పాటు కొలవడం. యూరప్‌లో ఒక సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను రింగ్‌లో తిప్పి ఎక్స్-రే పుట్టించే యంత్రం), ఎలక్ట్రాన్ల బంచ్‌కీ (గుంపుకీ) బంచ్‌కీ మధ్య 192 నానోసెకన్ల ఎడం. 14.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్-రే ఫాయిల్‌లోంచి నేరుగా వెళ్తుంది, వెనకాల డిటెక్టర్‌గా అవలాంచ్ ఫోటోడయోడ్ ఉంటుంది. ఫాయిల్‌లో 95 శాతం ఐరన్-57 ఉండేలా ఎన్‌రిచ్ చేసినది. మందం 2.5 మైక్రాన్లు అని మా ల్యాబ్ రిజిస్టర్‌లో ఉంది. చిన్న అయస్కాంతాలతో ఫీల్డ్ నిలువుగా పెట్టాం.

14 నానోసెకన్లకు ఒకటి చొప్పున బీట్స్ (కాంతి పెరుగుతూ తగ్గుతూ ఊగడం) చక్కగా వచ్చాయి. అంతవరకు సంతోషమే. కానీ ఐరన్-57 ఉత్తేజిత స్థాయి సగటు జీవితకాలం 141 నానోసెకన్లు అని కదా చదువుకున్నాం. నా డేటాలో మొదటి రెండు శిఖరాల ఎత్తులను బట్టి లెక్కేస్తే 9 నానోసెకన్లు వస్తోంది. పైగా 50 నానోసెకన్ల దగ్గర దాదాపు సున్నాకి పడిపోయి, 90 దగ్గర మళ్ళీ లేచింది. క్షయం అంటే తగ్గుతూ పోవాలి కదా, మళ్ళీ లేవడం ఏంటి? డిటెక్టర్ పాడైందా? ఇంకో బీమ్‌టైమ్ (ఆ యంత్రం మీద మాకిచ్చే సమయం) ఎప్పుడొస్తుందో తెలీదు, చాలా టెన్షన్‌గా ఉంది.


క్వాంటం_కిట్టు | సోమవారం రాత్రి 10:15

మొదటి పల్స్ బలంగా ఉంటుంది కాబట్టి డిటెక్టర్ తేరుకోవడానికి టైమ్ పడుతుంది. ముందు అది చూడండి. లేదంటే ఫాయిల్ పైన ఆక్సైడ్ ఏర్పడి ఉండొచ్చు, దాని రేఖలు (కేంద్రకం పట్టుకునే శక్తి విలువలు) కూడా కలిసి నెమ్మదైన బీట్ లాగా కనిపిస్తుంది. ఎవరైనా సూపర్‌రేడియన్స్ (చాలా పరమాణువులు కలిసికట్టుగా త్వరగా కాంతి వదలడం) అంటారేమో, అది మాత్రం కాదు. 1954లో భౌతిక శాస్త్రవేత్త డికీ చెప్పిన దానికి చాలా పరమాణువులు ఒకేసారి ఉత్తేజితం కావాలి, అవన్నీ ఒక తరంగదైర్ఘ్యం లోపల ఉండాలి. ఇక్కడ ఆ రెండూ లేవు.


గామా_గోదావరి | సోమవారం రాత్రి 11:30

సిరీ, కంగారు పడకు. డిటెక్టర్ బాగుంది, డేటా కూడా బాగుంది. నేను ఇలాంటి స్పెక్ట్రమ్‌లతోనే నాలుగేళ్ళు గడిపాను. నువ్వు చూస్తున్నది ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా అందమైన విషయం, కాస్త వివరంగా రాస్తాను.

ముందు 14 నానోసెకన్ల సంగతి, ఎందుకంటే నీ సెటప్ సరిగ్గా ఉందని అదే చెబుతోంది. స్టోరేజ్ రింగ్ కాంతిలో విద్యుత్ క్షేత్రం అడ్డంగా, అయస్కాంత క్షేత్రం నిలువుగా ఊగుతాయి. ఐరన్-57 పరివర్తన అయస్కాంత డైపోల్ రకానిది, అందుకని కాంతిలోని అయస్కాంత క్షేత్రానికే స్పందిస్తుంది. నువ్వు ఫాయిల్‌ని కూడా నిలువుగానే అయస్కాంతీకరించావు. అప్పుడు అయస్కాంత క్షేత్రంలో ఇనుము కేంద్రకం చూపే ఆరు రేఖల్లో రెండోదీ, ఐదోదీ మాత్రమే మేల్కొంటాయి. వాటి మధ్య ఎడం డాప్లర్ వేగంలో (ఎంత వేగంతో కదిపితే ఆ తేడా వస్తుందో ఆ లెక్కలో) సెకనుకు సుమారు 6.15 మిల్లీమీటర్లు. దాన్ని తరంగదైర్ఘ్యం 0.86 ఆంగ్‌స్ట్రామ్‌తో భాగిస్తే 71 మెగాహెర్ట్జ్ పైచిలుకు వస్తుంది, అంటే 14 నానోసెకన్లు. ఫీల్డ్ అడ్డంగా పెట్టి ఉంటే 1, 3, 4, 6 రేఖలు నాలుగూ కలిసి వచ్చి బీట్స్ చిక్కుపడిపోయేవి.

ఇక నీ 9 నానోసెకన్లు. 141 అనేది ఒంటరి కేంద్రకం లెక్క. నీ ఫాయిల్‌లో ఏ కేంద్రకమూ ఒంటరిగా లేదు. ఫోటాన్‌ని ఏ కేంద్రకం తీసుకుందో ప్రకృతిలో ఎక్కడా గుర్తు మిగలనప్పుడు, బీమ్ దారిలో ఉన్న కేంద్రకాలన్నీ కలిసి దాన్ని పట్టుకున్నట్టే లెక్క వేయాలి. వదిలేటప్పుడూ కలిసే వదులుతాయి. ముందు దిశలో అన్ని తరంగాలూ ఒకే ఫేజ్‌లో కలుస్తాయి కాబట్టి ఆ దారిలో కాంతి ఒంటరి కేంద్రకం కన్నా ఎన్నో రెట్లు త్వరగా బయటికి వస్తుంది. దీన్ని స్పీడప్ అంటాం.

కిట్టు గారూ, మీ అభ్యంతరానికి సమాధానం రేపు రాస్తాను. ఇక్కడ రాత్రి బాగా పొద్దుపోయింది.


తెనాలి_మాష్టారు | మంగళవారం ఉదయం 6:05

అమ్మా సిరీ, మీరు బీట్స్ అంటున్న వాటిని మేము తరగతిలో విస్పందనాలు అనేవాళ్ళం, కొహెరెంట్‌కి (తరంగాల ఫేజ్‌లు ఒకదానికొకటి కట్టుబడి ఉండటానికి) సంబద్ధం అనేవాళ్ళం. తంబురాలో రెండు తీగలు కొంచెం తేడాతో శ్రుతి చేసి ఉంటే నాదం ఊగుతుంది కదా, అదే ఇది. తీగల స్థానంలో కేంద్రకపు రెండు రేఖలు ఉన్నాయి, అంతే.

నేను ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోబాల్ట్-57 సోర్స్‌తో చేశాను. సోర్స్‌ని ముందుకీ వెనక్కీ కదుపుతూ రోజుల తరబడి కౌంట్లు పోగేసేవాళ్ళం. అప్పుడు మా ప్రొఫెసర్ గారు చెప్పిన మాట ఒకటి మీకు పనికొస్తుంది. కోబాల్ట్-57 నుంచి వచ్చే ఐరన్ కేంద్రకం ముందు 122 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా విడిచి, ఆ తర్వాత 14.4 స్థాయికి వస్తుంది. ఆ 122ని గడియారం మొదలెట్టే గంటలా వాడుకుని, 14.4 గామా ఎంతసేపటికి వచ్చిందో కొలవచ్చు. లించ్, హాలండ్, హామర్మెష్ 1960లోనే అలా కొలిచారు. దారిలో ఐరన్-57 రేకు పెట్టి చూస్తే కాంతి మామూలు ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గలేదు, మొదట్లో వేగంగా పడి, తర్వాత ఊగింది. ఘన పదార్థంలో కేంద్రకం వెనక్కి తన్నుకోకుండా గామాని వదలగలదన్న మోస్‌బవర్ ఆవిష్కరణ 1958లో వచ్చింది, రెండేళ్ళకే ఇది. కాబట్టి నీ డేటాకి అరవై ఏళ్ళు పైబడిన పూర్వీకులు ఉన్నారు తల్లీ.


నీలాంజన | మంగళవారం ఉదయం 9:20

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను, డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. ఈ థ్రెడ్ చదువుతుంటే రాత్రి నిద్ర పట్టలేదు. ఒక సందేహం. "అన్ని కేంద్రకాలూ కలిసి పట్టుకున్నాయి" అంటే ఫోటాన్ ముక్కలైందా? లేక చాలా ఫోటాన్లు వచ్చి తలా ఒకటి తీసుకున్నాయా?


సిరి_ఓరుగల్లు | మంగళవారం ఉదయం 10:02

చాలా ఫోటాన్లు అయితే కాదండీ. నా కౌంట్ రేటు సెకనుకు సుమారు 3,000. 192 నానోసెకన్లకు ఒక బంచ్ అంటే సెకనుకు 52 లక్షల బంచ్‌లు. అంటే దాదాపు 1,700 బంచ్‌లకు ఒక్క ఆలస్యపు ఫోటాన్. ఫాయిల్‌లో ఒకేసారి రెండు ఉత్తేజనాలు ఉండటం చాలా అరుదు.

కానీ ముక్కలైందా అన్నదే నాకూ తెలియాలి.


గామా_గోదావరి | మంగళవారం మధ్యాహ్నం 1:45

ముక్కలు కాదు నీలాంజన గారూ. ఫోటాన్ ఒక్కటే, కేంద్రకాల్లో ఉత్తేజనమూ ఒక్కటే. కానీ ఆ ఒక్క ఉత్తేజనం "మొదటి కేంద్రకంలో ఉంది", "రెండో దానిలో ఉంది", "మూడో దానిలో ఉంది" అనే అవకాశాలన్నీ కలిసిన స్థితిలో ఉంటుంది. ఒక్కో అవకాశానికీ ఒక ఫేజ్ ఉంటుంది, ఎక్స్-రే ఆ కేంద్రకం దగ్గరికి చేరిన క్షణాన్ని బట్టి ఆ ఫేజ్ నిర్ణయమవుతుంది. దీనికే న్యూక్లియర్ ఎక్సైటాన్ అని పేరు.

తీరంలో వల లాగేటప్పుడు హైలెస్సా అంటూ అందరూ ఒకే తాళానికి లాగుతారు చూడండి, బలం కూడుతుంది. తలా ఒక సమయంలో లాగితే వల కదలదు. ఇక్కడ ఆ తాళాన్ని వెళ్తూ వెళ్తూ ఎక్స్-రేనే వేసి పోతుంది. అయితే ఈ పోలిక ఒక చోట ఆగిపోతుంది. వల లాగేవాళ్ళు అందరూ నిజంగా లాగుతారు. ఇక్కడ ఉన్నది ఒక్క లాగుడే, అది ఎవరిదో చెప్పలేం.

ఇప్పుడు కిట్టు గారి ప్రశ్న. ఒక తరంగదైర్ఘ్యం లోపల ఉండాలి అన్నారు. నిజమే, ఐరన్ పరమాణువుల మధ్య దూరం 2.5 ఆంగ్‌స్ట్రామ్‌లు, తరంగదైర్ఘ్యం 0.86 మాత్రమే. రెండు పరమాణువులు కూడా అందులో పట్టవు. కానీ ఫేజ్‌లు ముందుగానే తరంగం వేసిన వరసలో ఉన్నాయి కాబట్టి అన్ని దిశల్లో కాకపోయినా, ముందు దిశలో మాత్రం సరిగ్గా కూడుకుంటాయి. స్ఫటికం అయితే బ్రాగ్ దిశలో (స్ఫటికపు పొరల నుంచి తిరిగి వచ్చే తరంగాలు ఒకే ఫేజ్‌లో కలిసే దిశలో) కూడా కూడుకుంటాయి. ఇక చాలా ఉత్తేజనాలు ఉండాలన్న నియమం డికీ సిద్ధాంతంలోనే లేదు. ఒక్క ఉత్తేజనం అందరి మధ్యా సౌష్ఠవంగా పంచుకుని ఉన్నా ఉద్గారం వేగం పెరుగుతుంది.


క్వాంటం_కిట్టు | మంగళవారం మధ్యాహ్నం 2:30

ఒప్పుకుంటున్నాను, నేను తొందరపడ్డాను. ఒక్క ఉత్తేజనం ఉన్న సౌష్ఠవ స్థితి గురించి డికీ పేపర్‌లోనే ఉంది. నేను ఎప్పుడూ పైన సగం ఉత్తేజితమైన స్థితులనే దృష్టిలో పెట్టుకుని ఆలోచించాను.

దీనికి తోడుగా ఒకటి చెప్తాను. ఎక్కువ ఫోటాన్లతో కూడా తర్వాత చూశారు. 2018లో చుమకోవ్ బృందం జపాన్‌లోని సాక్లా ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్ దగ్గర ఒకే పల్స్‌లో 68 వరకు అనునాద ఫోటాన్లను లెక్కపెట్టింది. ఫోటాన్ల సంఖ్య పెరిగేకొద్దీ వాటిలో మొదటిది మరింత త్వరగా బయటికి వచ్చింది.

కానీ గామా గారూ, ఒక మాట సరిదిద్దాలి. మీరు "ఏ కేంద్రకం తీసుకుందో గుర్తు మిగలనప్పుడు" అన్నారు. ఐరన్-57లో చాలాసార్లు గుర్తు మిగులుతుంది కదా! ఇంటర్నల్ కన్వర్షన్ వల్ల, అంటే కేంద్రకం తన శక్తిని గామాగా కాక ఎలక్ట్రాన్‌కి ఇచ్చేసి, ఆ ఎలక్ట్రాన్ బయటికి వస్తే ఆ పరమాణువులో ఖాళీ ఏర్పడుతుంది, దొరికిపోయినట్టే. ఒంటరి కేంద్రకంలో తొమ్మిదిటిలో దాదాపు ఎనిమిది సార్లు అదే జరుగుతుంది.


గామా_గోదావరి | మంగళవారం సాయంత్రం 5:10

మంచి మాట పట్టుకున్నారు. నేను చెప్పాల్సింది అదే, వదిలేశాను.

గుర్తు మూడు రకాలుగా మిగులుతుంది. ఒకటి మీరు చెప్పిన కన్వర్షన్ ఎలక్ట్రాన్. రెండు, కేంద్రకం వెనక్కి తన్నుకుని లాటిస్‌లో (పరమాణువుల అల్లికలో) ఫోనాన్ అనే కంపనం పుట్టించడం. మూడోది చాలామంది మర్చిపోతారు: కేంద్రకం బయల్దేరిన స్పిన్ స్థితికి కాకుండా వేరే స్పిన్ స్థితికి దిగడం. అప్పుడు బయటికి గామా ఫోటానే వచ్చినా సరే, ఆ ఒక్క కేంద్రకం స్పిన్ మారి ఉంటుంది, అది మిగతా వాటితో కలవదు. ఈ మూడిట్లో ఏది జరిగినా ఆ అవకాశం ఒంటరిదైపోతుంది, ముందుకు కలిసి వెళ్ళే కాంతిలో పాలు పంచుకోదు.

అందుకే నేను "కేంద్రకం జీవితకాలం తగ్గింది" అనే మాట వాడను. సిరీ, థీసిస్‌లో నువ్వు కూడా అలా రాయకు. కేంద్రకం లోపల ఏమీ మారలేదు. కన్వర్షన్ రేటు అదే. పక్కన ఒక కొత్త తలుపు తెరుచుకుంది, అందరూ కలిసి ముందుకు వదిలే తలుపు. అది ఎంత వెడల్పు అనేది నీ ఫాయిల్ మందం నిర్ణయిస్తుంది. ఆ తలుపు వెడల్పయ్యే కొద్దీ కన్వర్షన్ వైపు వెళ్ళే వాటా తగ్గుతుంది.

ఇంతకీ ఆ 50 దగ్గర గుంట గురించి ఇంకా చెప్పలేదు. ఇదే అసలు విషయం.

మొదటి పొరలో కేంద్రకాలు వదిలిన కాంతి ముందుకే పోతూ తర్వాతి పొరల మీద పడుతుంది. అవి దాన్ని మళ్ళీ పట్టుకుని మళ్ళీ వదులుతాయి. అనునాదంలో అలా ఒకసారి పట్టి వదిలితే తరంగం గుర్తు తిరగబడుతుంది. అంటే ఒకసారి పరిక్షేపించిన తరంగం ప్లస్ అయితే, రెండుసార్లు అయినది మైనస్, మూడుసార్లు అయినది మళ్ళీ ప్లస్. ఒకసారి అయినది పల్స్ పడిన వెంటనే సిద్ధంగా ఉంటుంది. రెండుసార్లు అయ్యేది కాలంతో పాటు పెరుగుతుంది, మూడుసార్లు అయ్యేది కాలం వర్గంతో పెరుగుతుంది. మొదట్లో మైనస్ పెరుగుతూ ప్లస్‌ని తినేస్తూ ఉంటుంది, కాబట్టి వేగంగా పడినట్టు కనిపిస్తుంది. అదే నీ స్పీడప్. ఒక చోట రెండూ సరిసమానమై మొత్తం సున్నా అవుతుంది. అది నీ గుంట. ఆ తర్వాత మైనస్ పైచేయి అయి కాంతి మళ్ళీ లేస్తుంది. అది నీ 90.

స్పీడప్ వేరు, గుంట వేరు అని చాలామంది రెండు విషయాలుగా చదువుతారు. రెండూ ఒకే శ్రేణి. ఆ శ్రేణిని కూడితే మొదటి తరగతి బెసెల్ ఫంక్షన్ (ఊగుతూ తగ్గే ఒక గణిత వక్రం) వస్తుంది. ఈ ఊపుని డైనమికల్ బీట్స్ అంటాం. 14 నానోసెకన్ల క్వాంటమ్ బీట్స్‌కీ వీటికీ తేడా గుర్తించడం తేలిక: క్వాంటమ్ బీట్స్ ఎడం ఎప్పుడూ సమానం. డైనమికల్ బీట్స్ ఎడం కాలంతో సాగుతూ పోతుంది, మందం మారితే మారుతుంది.

నీ డేటాలో ఇప్పుడే చూడు. బెసెల్ సున్నాల ప్రకారం రెండో గుంట మొదటి దానికి 3.35 రెట్ల దగ్గర రావాలి. 50 అయితే 168 దగ్గర ఉండాలి.


నీలాంజన | మంగళవారం సాయంత్రం 6:00

గుంట దగ్గర కాంతి సున్నా అయితే శక్తి ఎక్కడికి పోయినట్టు?


గామా_గోదావరి | మంగళవారం సాయంత్రం 6:20

ఫాయిల్ లోపలే ఉంది. ఆ క్షణంలో ముందు పొరల కేంద్రకాలు ఒక ఫేజ్‌లో, వెనక పొరలవి ఎదురు ఫేజ్‌లో ఊగుతున్నాయి. బయట నిలబడి చూస్తే మొత్తం సున్నా. లోపల ఉత్తేజనం అలాగే ఉంది. ఆ సమయంలో కూడా కన్వర్షన్ ఎలక్ట్రాన్లు, వాటి వెంట వచ్చే 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫ్లోరెసెన్స్ వస్తూనే ఉంటాయి.


సిరి_ఓరుగల్లు | మంగళవారం రాత్రి 8:50

అక్కా! 170 దగ్గర గుంట ఉంది! కౌంట్లు తక్కువని ఆ భాగాన్ని నేను ఫిట్‌లోంచి తీసేశాను. ఇప్పుడు బిన్‌లు పెద్దవి చేసి చూస్తే స్పష్టంగా కనిపిస్తోంది. చేతులు వణుకుతున్నాయి రాస్తుంటే.


తెనాలి_మాష్టారు | మంగళవారం రాత్రి 9:15

శుభం. ఇక మందం లెక్క వేసి చూడమ్మా. గుంట స్థానం నుంచి మందం తెలుస్తుంది అన్నారు కదా గామా గారు. రిజిస్టర్‌తో సరిపోతే పరీక్ష పూర్తయినట్టే.


సిరి_ఓరుగల్లు | బుధవారం తెల్లవారుజామున 1:30

మాష్టారూ, సరిపోలేదు.

లెక్క ఇలా వేశాను. ఐరన్-57 అనునాద అడ్డుకోత (ఫోటాన్‌ని పట్టుకోవడానికి ఒక్కో కేంద్రకం చూపే వైశాల్యం) 2.56 మెగాబార్న్‌లు. ఘన సెంటీమీటరుకి 8.5 × 10²² పరమాణువులు, అందులో 95 శాతం ఐరన్-57, రీకాయిల్ లేని భాగం (కేంద్రకం వెనక్కి తన్నుకోకుండా పట్టుకునే వాటా) 0.8. ఇవన్నీ గుణిస్తే ఒక్కో మైక్రాన్‌కి ప్రభావ మందం (కేంద్రకాలు కాంతిని ఎంత గట్టిగా పట్టుకుంటాయో చెప్పే సంఖ్య) సుమారు 16.5. 2.5 మైక్రాన్లకు 41. రెండు రేఖలు పంచుకుంటాయి కాబట్టి ఒక్కో రేఖకి 20.6. మొదటి గుంట రావాల్సింది 14.7 × 141 ÷ 20.6 (14.7 అనేది బెసెల్ మొదటి సున్నా వర్గం), అంటే 100 నానోసెకన్ల దగ్గర. నాకు 50 దగ్గర వచ్చింది. సరిగ్గా సగం.

ఎక్కడ రెండు రెట్లు తప్పాను? రాత్రంతా వెతికాను, దొరకలేదు.


క్వాంటం_కిట్టు | బుధవారం ఉదయం 8:10

మీ లెక్కని నేను మళ్ళీ వేశాను. తప్పు లేదు. రేఖలు పంచుకోవడం కూడా సరైనదే. 9 నానోసెకన్లు కూడా చూశాను: ఒక్కో రేఖకి 41 పెట్టి బెసెల్ ఫంక్షన్‌తో 14, 28 నానోసెకన్ల శిఖరాలను పోలిస్తే 9 దగ్గరే వస్తుంది. 20.6 పెడితే రాదు. అంటే మీ డేటాలో రెండు వేరు వేరు చోట్ల ఒకే సమాధానం: ఫాయిల్ 5 మైక్రాన్లు.


గామా_గోదావరి | బుధవారం ఉదయం 11:00

నేనూ అదే అంటాను. ఫిజిక్స్ సరిగ్గా ఉంది, ఫాయిల్‌ని అనుమానించు. అది ఎలా దాచారు? మడత పెట్టారా? రెండు ఫాయిల్‌లు ఒకదానికొకటి అతుక్కుని ఉండొచ్చు.

రెండు పొరలు ఒకదాని వెనక ఒకటి ఉంటే ఒకే మందమైన ఫాయిల్‌లా ప్రవర్తిస్తాయి. మధ్యలో గాలి ఉన్నా అంతే. నిజానికి మీటరు దూరంలో పెట్టినా అంతే. నేరుగా ముందుకు వెళ్ళే దారిలో ఏ కేంద్రకం పట్టుకున్నా మొత్తం దారి పొడవు ఒకటే కాబట్టి ఫేజ్ తేడా రాదు. ఈ విషయాన్ని కొలతలకు కూడా వాడతారు. తెలియని నమూనా వెనక ఒక్క రేఖ ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు పెడితే, రెండింటి కాంతి కలిసి బీట్స్ ఇస్తుంది, దాన్నుంచి ఐసోమర్ షిఫ్ట్ (చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ల వల్ల రేఖ పక్కకు జరగడం) తెలుస్తుంది. రేకుని సెకనుకి 1 మిల్లీమీటరు వేగంతో కదిపితే చాలు, 86 నానోసెకన్ల బీట్ వస్తుంది. చీమ నడక కన్నా నెమ్మదైన వేగం అది!


నీలాంజన | బుధవారం ఉదయం 11:40

మీటరు దూరంలో ఉన్నా కలుస్తాయా? 141 నానోసెకన్లను కాంతి వేగంతో గుణిస్తే 42 మీటర్లు వస్తోంది. అంటే ఒక్క ఫోటాన్ తరంగం అంత పొడవుందా?


గామా_గోదావరి | బుధవారం ఉదయం 11:55

అవునండీ. రేఖ వెడల్పు 4.66 నానో ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే, అంత సన్నటి రేఖకి అంత పొడవైన తరంగం. పరమాణువు కన్నా చిన్న తరంగదైర్ఘ్యం, దాదాపు నాలుగు బస్సుల పొడవు. ఈ రంగంలోకి నన్ను లాగింది ఇదే.


సిరి_ఓరుగల్లు | బుధవారం మధ్యాహ్నం 3:20

ఫాయిల్‌ని ఇప్పుడే మైక్రోస్కోప్ కింద పెట్టాను. మడత ఉంది! కుడి వైపు మూడు మిల్లీమీటర్లకు పైగా అంచు వెనక్కి మడిచి గట్టిగా అతుక్కుపోయి ఉంది. ముందు నుంచి చూస్తే ఏమీ తెలియదు. నేను చేరకముందు ఎవరో కవర్‌లో పెట్టేటప్పుడు జరిగి ఉంటుంది.

అప్పుడు గుర్తొచ్చింది, బీమ్‌టైమ్ రెండో రోజు నమూనాని అడ్డంగా జరిపి ఇంకో రెండు చోట్ల కూడా కొలిచాం. వాటిని పాడైన రన్‌లని పక్కన పడేశాను. ఎడమ వైపు రన్‌లో గుంట 100 నానోసెకన్ల దగ్గర ఉంది. మధ్య రన్‌లో, మడత అంచు మీద, 50 దగ్గరా 100 దగ్గరా రెండు చోట్లా లోతు తక్కువ గుంటలు ఉన్నాయి. ఇది ఎలా ఫిట్ చేయాలి? రెండు మందాల యాంప్లిట్యూడ్‌లు కూడి వర్గం చేయాలా, లేక విడివిడిగా వర్గం చేసి కూడాలా? రెండూ వేరు వేరు వక్రాలు ఇస్తున్నాయి.


తెనాలి_మాష్టారు | బుధవారం సాయంత్రం 4:45

సంబద్ధం అయితే ముందు కూడి తర్వాత వర్గం, కాకపోతే ముందు వర్గం తర్వాత కూడిక. ఇంటర్మీడియట్‌లో యంగ్ రెండు చీలికల పాఠం చెప్పేటప్పుడు ఇదే మాట ఎన్నోసార్లు చెప్పాను. ఇన్నేళ్ళ తర్వాత కేంద్రకాల దగ్గర మళ్ళీ ఎదురవుతుందని అనుకోలేదు. ఏది వాడాలో మాత్రం గామా గారే చెప్పాలి.


గామా_గోదావరి | బుధవారం రాత్రి 10:30

ఇది చాలా మంచి ప్రశ్న, దీని మీద 1996లో బారన్ తదితరులు ప్రత్యేకంగా ప్రయోగం చేశారు. బీమ్ పొడవునా సంబద్ధత గురించి ఇంతసేపు మాట్లాడాం, ఇది బీమ్‌కి అడ్డంగా ఉండే సంబద్ధత.

అడ్డంగా ఎంత దూరం వరకు తరంగం ఒక్కటిగా ఉంటుందో స్థూలంగా ఇలా లెక్కేయొచ్చు: తరంగదైర్ఘ్యాన్ని మూలం నుంచి దూరంతో గుణించి, మూలం పరిమాణంతో భాగించాలి. ఉదాహరణకి 40 మీటర్ల దూరం, అడ్డంగా 500 మైక్రాన్ల మూలం అనుకో, 7 మైక్రాన్లు వస్తుంది. నిలువుగా మూలం 30 మైక్రాన్లే అయితే 115 మైక్రాన్లు. నీ మడత అంచు నిలువుగా ఉంది, అంటే రెండు మందాలు అడ్డంగా పక్కపక్కన ఉన్నాయి. అంచుకి అటూ ఇటూ ఏ కొద్ది మైక్రాన్లలోనో తప్ప, బీమ్‌లో ఎక్కువ భాగానికి రెండు మందాలూ ఒకదానికొకటి తెలియవు. పైగా నీ డిటెక్టర్ పెద్దది, వచ్చిన కాంతినంతా పట్టేస్తుంది. కాబట్టి విడివిడిగా వర్గం చేసి కూడు. రెండు భాగాల నిష్పత్తిని మాత్రమే ఫ్రీగా వదులు. మందాలు ఎడమ, కుడి రన్‌ల నుంచి నీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి, వాటిని కట్టేయి.

ఇలాంటి డేటాని ఫిట్ చేయడానికి స్టుర్హాన్ రాసిన కోనస్ ప్రోగ్రామ్ మీ ల్యాబ్‌లో ఉంటే, మందం పంపిణీ కూడా అందులో ఇవ్వొచ్చు. మొదటి 12 నానోసెకన్ల డేటా వాడకు, ప్రాంప్ట్ పల్స్ (ఆలస్యం లేకుండా వచ్చే మొదటి ఎక్స్-రే) తోక అందులో ఉంటుంది.


క్వాంటం_కిట్టు | గురువారం ఉదయం 7:50

గామా గారూ, మరి 1985లో గెర్డావ్ బృందం హాంబర్గ్‌లో మొదటిసారి సింక్రోట్రాన్‌తో కేంద్రకాల కాంతిని పట్టుకున్నప్పుడు ముందు దిశలో కాకుండా బ్రాగ్ దిశలో ఎందుకు చూశారు? ముందు దిశలోనే తేలిక కదా.


గామా_గోదావరి | గురువారం ఉదయం 9:30

ముందు దిశలో అనునాదం లేని కాంతి వరదలా వస్తుంది. అప్పటి డిటెక్టర్లకు, మోనోక్రొమేటర్లకు (ఒకే శక్తి ఉన్న కాంతిని వేరుచేసే పరికరాలకు) దాన్ని తట్టుకునే శక్తి లేదు. సింక్రోట్రాన్ వాడొచ్చని రూబీ అనే శాస్త్రవేత్త 1974లోనే అన్నా, పదేళ్ళు పట్టింది అందుకే. వాళ్ళు యిట్రియం ఐరన్ గార్నెట్‌లో ఒక ప్రత్యేకమైన బ్రాగ్ దిశ ఎంచుకున్నారు. ఆ దిశలో ఎలక్ట్రాన్ల పరిక్షేపణం ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. ఐరన్ స్థానాలు ఎలక్ట్రాన్లకు ఒకేలా కనిపించినా, కేంద్రకాలకు లోపలి క్షేత్రాల తేడా వల్ల వేరుగా ఉంటాయి, కాబట్టి కేంద్రకాల కాంతి మాత్రం మిగులుతుంది. వ్యతికరణంతో వరదను ఆపి, వ్యతికరణంతోనే కేంద్రకాన్ని చూశారు. దాని సిద్ధాంతాన్ని కాగన్, అఫనాసేవ్ ఒక వైపు, హానన్, ట్రామెల్ ఇంకో వైపు ముందే వేసి పెట్టారు. ఆ తెలివి నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.


సిరి_ఓరుగల్లు | గురువారం రాత్రి 11:10

ఫిట్ పూర్తయింది. ఎడమ రన్ 2.5, కుడి రన్ 5 మైక్రాన్లు. మధ్య రన్‌కి ఆ రెండిట్నీ కట్టేసి, నిష్పత్తి ఒక్కటే వదిలాను. విడివిడిగా వర్గం చేసి కూడితే వక్రం డేటా మీద కూర్చుంది. యాంప్లిట్యూడ్‌లు కూడి చూస్తే 60 నుంచి 100 నానోసెకన్ల మధ్య ఎంత తిప్పినా కుదరలేదు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి గైడ్‌కి పంపాను. పడేసిన రన్‌లే ఇప్పుడు అధ్యాయంలో ముఖ్యమైన బొమ్మ అవుతాయని ఆయన అన్నారు.

మాష్టారూ, గామా అక్కా, కిట్టు గారూ, నీలాంజన గారూ, మీ అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. ఫాయిల్ మడత విప్పలేదు, అలాగే రెండు సన్నని కాప్టన్ (ఒక రకం ప్లాస్టిక్) పొరల మధ్య పెట్టి, పెట్టె మీద రెండు మందాలూ రాశాను. వచ్చే ప్రపోజల్‌లో ఇదే ఫాయిల్‌ని సన్నని చీలికతో అంచు మీద మైక్రాన్ మైక్రాన్‌గా జరుపుతూ కొలవాలని అడుగుతున్నాను. ఆ 7 మైక్రాన్ల లోపల యాంప్లిట్యూడ్‌లు కూడుతున్నాయో లేదో చూడాలి.


గామా_గోదావరి | శుక్రవారం ఉదయం 6:40

చీలిక ఒక్కటే చాలదు, డిటెక్టర్ ముందు కూడా కోణం బిగించే ఏర్పాటు కావాలి. ప్రపోజల్ డ్రాఫ్ట్ నాకు పంపు సిరీ, కలిసి చూద్దాం.